మతం గడి లేని పత్రాలు: మన జిల్లా ప్రజాప్రతినిధుల్లో మత వైవిధ్యాన్ని లెక్కించే పద్ధతి

శాసనసభకు పోటీ చేసే అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 ప్రమాణపత్రంలో పాన్ నంబరు, ఆదాయం, కేసులు, బంగారం, భూములు, అప్పులు, చదువు, వృత్తి అన్నీ రాయాలి గాని, మతం రాయవలసిన గడి అందులో ఎక్కడా ఉండదు. నామినేషన్ పత్రంలో కులం ప్రస్తావన వచ్చేది రిజర్వుడు స్థానాలకు మాత్రమే. ఓటరుగా చేరడానికి ఇచ్చే ఫారం 6లోనూ ఆ ప్రశ్న లేదు. ఇది పొరపాటున జరిగిన లోపం కాదు. 1909 చట్టంతో ముస్లింలకు, 1919 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలో భారతీయ క్రైస్తవులకు కూడా వేరు ఓటర్ల జాబితాలు, వేరు స్థానాలు ఏర్పడి, అప్పట్లో విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో భాగమైన మన ప్రాంతం కూడా ఆ పద్ధతిలోనే ఓటు వేసింది. రాజ్యాంగ సభ దానిని తీసివేసి, మతాన్ని బట్టి ఎవరినీ ఓటర్ల జాబితా నుంచి తప్పించరాదనీ, మతాన్ని బట్టి ప్రత్యేక జాబితా ఉండరాదనీ 325వ అధికరణంలో రాసింది.

అందువల్ల "మా జిల్లాలో గెలిచినవారిలో అల్పసంఖ్యాక మతాలవారు ఎందరు?" అని ఎవరైనా అడిగితే చూపించడానికి సిద్ధంగా ఉన్న రిజిస్టరు ఏదీ లేదు. లెక్క మనమే కట్టుకోవాలి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పని చేయదలచిన విద్యార్థులకు, విలేకరులకు, పౌర సంఘాలవారికి ఉపయోగపడుతుందని ఈ పద్ధతిని రాస్తున్నాను. ఇందులో సగం నేను తప్పు చేసి నేర్చుకున్నదే.

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న పత్రిక కోసం మా ప్రాంతంలోని ఎంపీటీసీ సభ్యుల జాబితా తయారుచేస్తూ, ఒక సభ్యుడి పేరు చివర "దాసు" అని ఉండడం, ఆయన ఇంటి ముందు డిసెంబరులో కాగితపు నక్షత్రం వేలాడడం చూసి ఆయన పేరు ఎదుట "క్రైస్తవుడు" అని రాసేశాను. పత్రిక వచ్చిన మూడో రోజు ఆయన మా ఇంటికి వచ్చి, ప్లాస్టిక్ కవరులో భద్రపరచిన కుల ధ్రువీకరణ పత్రాన్ని బల్ల మీద పెట్టి, "నా పేరు చూసి నన్ను చర్చిలో కూర్చోబెట్టేసినావు గదా బాబూ, ఇది ఎవుడైనా కోర్టుకి పట్టికెళితే నా పదవి ఉంటాదా?" అని అడిగారు. ఆయన గెలిచినది షెడ్యూల్డ్ కులాలకు కేటాయించిన స్థానం. క్రైస్తవుడని తేలితే ఆ స్థానానికి అర్హత ఉండదు. నక్షత్రం కట్టినది పండక్కి వచ్చిన కోడలి తరఫు పిల్లలు. సవరణ వేయించాను గాని, సవరణ చదివేవారు ఎందరు?

ముందుగా ఎవరిని, ఏ హద్దుల్లో లెక్కించాలో తేల్చుకోండి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాత శ్రీకాకుళంలోని 10, పాత విజయనగరంలోని 9, మొత్తం 19 శాసనసభ స్థానాలు ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం అనే మూడు జిల్లాల్లో సర్దుకున్నాయి. రాజాం విజయనగరానికి వచ్చింది. పాలకొండ మన్యానికి వెళ్లింది. అయితే జిల్లా పరిషత్తులు పాత హద్దులతోనే కొనసాగాయి. 2011 జనగణన పట్టికలు కూడా పాత జిల్లాల ప్రకారమే ఉంటాయి. పోలిక ఎక్కడా చెడకుండా ఉండాలంటే పాత హద్దులనే తీసుకోవడం మేలని నా అనుభవం. కొత్త జిల్లా పేరు మీద ప్రతినిధులను లెక్కించి పాత జిల్లా జనాభాతో పోల్చిన వ్యాసాలను నేను చూశాను. వాటిలో అంకెలు సరిగానే ఉన్నా వాటి మధ్య పోలిక మాత్రం నిలవదు.

ఎన్నికైనవారు, సభ్యులే ఎన్నుకుని చేర్చుకున్న కో-ఆప్షన్ సభ్యులు, ప్రభుత్వం నియమించినవారు అని మూడు వేర్వేరు జాబితాలు పెట్టుకోండి. దేవస్థానాల ధర్మకర్తల మండళ్లను వీటిలో దేనిలోనూ కలపకండి. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం ఆ పదవులు హిందువులకే చెందుతాయి. మత సంస్థల పదవులకు ఇలాంటి నిబంధన పెట్టుకోవడానికి రాజ్యాంగంలోని 16(5) అధికరణం అవకాశం ఇస్తోంది. వక్ఫ్ బోర్డు వ్యవహారం కూడా వేరే. 2025 సవరణతో అందులో ముస్లిమేతరులకు చోటు కల్పించారు. ఆ ఏడాది సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు రాష్ట్ర బోర్డులో వారి సంఖ్య ముగ్గురికి మించరాదని చెప్పింది. రామతీర్థం ఆలయ పాలకమండలిలో అందరూ హిందువులే ఉన్నారని రాయడం వార్త కాదు.

భాజకాన్ని సరిచేసుకోండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. "19 స్థానాల్లో ఎందరు?" అని మొదలుపెడతారు. ఆ 19లో అన్ని మతాలవారికీ తెరిచి ఉన్నవి ఎన్ని అని ముందు చూడాలి.

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందూ మతం కాకుండా వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డ్ కులస్థులుగా పరిగణించరాదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ నియమం నుంచి మినహాయింపు లభించింది. క్రైస్తవులకు, ముస్లింలకు లభించలేదు. కాబట్టి మన 19 స్థానాల్లో రాజాం, పార్వతీపురం అనే రెండు ఎస్సీ స్థానాల నుంచి క్రైస్తవుడో ముస్లిమో గెలవడానికి చట్టమే దారి ఇవ్వదు. పాలకొండ, కురుపాం, సాలూరు అనే మూడు ఎస్టీ స్థానాల సంగతి అలా కాదు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం ఊసు లేదు. సవర, జాతాపు, గదబ తెగల వ్యక్తి కొండదేవతను కొలిచినా, బాప్టిస్టు చర్చికి వెళ్లినా ఎస్టీగానే ఉంటారు. అక్కడ ఎన్నికను తలకిందులు చేసేది తెగ రుజువు. సాలూరులో 2004 ఎన్నికను హైకోర్టు రద్దు చేసినది కూడా గెలిచిన వ్యక్తి ఎస్టీ కారన్న కారణంతోనే గాని, మతాన్ని బట్టి కాదు.

కాబట్టి క్రైస్తవ, ముస్లిం ప్రాతినిధ్యాన్ని లెక్కించేటప్పుడు భాజకం 19 కాదు, 17. బౌద్ధుల విషయంలో 19 అనే రాయవచ్చు. శాలిహుండం, రామతీర్థం కొండల మీద బౌద్ధం శిథిలాలుగానే మిగిలిన మన ప్రాంతంలో ఆ తేడా పెద్దగా పనికిరాకపోవచ్చు గాని, లెక్కలో చూపించాలి. సర్పంచ్, ఎంపీటీసీ, జడ్పీటీసీ స్థానాల్లోనూ ఎస్సీ రిజర్వుడు వాటిని ఇదే పద్ధతిలో విడిగా చూపండి. ఆ రిజర్వేషన్ ఎన్నిక ఎన్నికకూ మారుతుంది గనుక, ఏ ఏటి ఎన్నికను లెక్కిస్తున్నారో ఆ ఏటి గెజిట్‌నే పట్టుకోవాలి.

దీనికి మరో కొస కూడా ఉంది. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారు, వారి సంతానం మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ ఉంది. దూదేకులవారు అంతకుముందు నుంచే బీసీ-బీలో ఉన్నారు. అంటే బీసీలకు కేటాయించిన సర్పంచ్ స్థానంలో గెలిచినవారిలో అల్పసంఖ్యాక మతస్థులు ఉండే అవకాశం ఎస్సీ స్థానం కన్నా ఎక్కువ. బీసీ స్థానం అనగానే తూర్పు కాపు, కొప్పుల వెలమ, గవర, యాదవ అని మనసులోనే సర్దేసుకోకుండా, నామినేషన్‌తో జతపరచిన ధ్రువీకరణ పత్రంలో ఏ ఉపవర్గం రాసి ఉందో చూడండి. మొత్తం కాగితాల్లో మతం గురించి కాస్తయినా చెప్పే పత్రం అదే.

ఇక ఎస్సీ ధ్రువీకరణ పత్రం ఉన్న వ్యక్తి ఆదివారం చర్చికి వెళ్తున్నారు గదా అనే ప్రశ్న ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. ఆ తగవు తీర్చడం మీ పని కాదు. మతం మారినవారికి ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చి 24న రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. ఆ ప్రశ్నను పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. మతం మారితే ఆ హోదా పోతుందని 2025లో మన హైకోర్టు మరోసారి చెప్పింది. తిరిగి పూర్వ మతంలోకి వచ్చినవారికి ఏయే రుజువులు కావాలో 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఇన్ని పొరలున్న విషయాన్ని మీ పట్టికలో ఒక్క మాటతో తేల్చేస్తే, మీరు రాసినది గణాంకం కాక ఫిర్యాదు అవుతుంది. నేను చేసినది సరిగ్గా అదే.

కో-ఆప్షన్ స్థానాలు: రాసి ఉన్న చోటు

రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం 1994 ప్రకారం ప్రతి మండల పరిషత్తులో ఒకరిని, జిల్లా పరిషత్తులో ఇద్దరిని మైనారిటీల నుంచి కో-ఆప్షన్ ద్వారా చేర్చుకోవాలి. పాత శ్రీకాకుళంలో 38, పాత విజయనగరంలో 34 మండలాలు ఉన్నాయి. అంటే మండల స్థాయిలో 72, జిల్లా పరిషత్తుల్లో 4, మొత్తం 76 స్థానాలు. మైనారిటీ అన్న కారణంతోనే వ్యక్తిని ఎన్నుకుని, ఆ సంగతిని కాగితం మీద రాసిపెట్టే చోటు మన పాలనలో ఇంతకన్నా స్పష్టంగా వేరే దొరకదు. పురపాలక సంఘాల్లోనూ ఇలాంటి స్థానాలు ఉన్నాయి; విజయనగరం నగరపాలక సంస్థ వివరాలు అక్కడ దొరుకుతాయి గాని, శ్రీకాకుళం నగరపాలక సంస్థకు 2021లో ఎన్నికలే జరగలేదు గనుక అక్కడ ఆ వరుస ఖాళీగానే ఉంటుంది.

2021 సెప్టెంబరు 24న మండలాధ్యక్షుల ఎన్నికల రోజు ఒక మండల పరిషత్ కార్యాలయంలో ఉదయం నుంచి కూర్చుని ఈ తంతు చూశాను. కో-ఆప్షన్ ఎన్నిక ముందు జరగాలి, ఆ తరువాతే అధ్యక్ష ఎన్నిక. నల్ల బురఖా వేసుకున్న ఒక నడివయసు ఆమె భర్తతో వచ్చి, నామినేషన్ కాగితం, మైనారిటీ అని చూపే పత్రం ఇచ్చారు. పోటీ లేదు. సభ్యులు చేతులెత్తారు, అధికారి ప్రకటించారు, ఆమె ప్రమాణం చేశారు. మధ్యాహ్నం అధ్యక్ష ఎన్నికకు అందరూ మళ్లీ చేతులెత్తినప్పుడు మాత్రం ఆమె వెనక వరుసలో చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. కో-ఆప్షన్ సభ్యులు సమావేశాల్లో మాట్లాడవచ్చు. ఓటు హక్కు ఉండదు. మీ పట్టికలో ఈ తేడా తెలిసేలా "ఓటు ఉంది", "ఓటు లేదు" అని ఒక గడి పెట్టకపోతే, 76 అనే అంకె పాఠకుడిని పెడదారి పట్టిస్తుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. చట్టం చెప్పే మైనారిటీ మతానికే పరిమితం కాదు, భాషకూ వర్తిస్తుంది. ఇచ్ఛాపురం, కంచిలి, మందస వైపు ఒడియా మాతృభాషగా ఉన్న హిందువు కూడా ఈ స్థానానికి అర్హుడే. కాబట్టి కో-ఆప్షన్ సభ్యులందరినీ మతపరమైన మైనారిటీలుగా లెక్కించకండి. మన సరిహద్దు మండలాల్లో ఈ తప్పు జరగడానికి అవకాశం ఎక్కువ.

ఈ వివరాలకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. మండల స్థాయి సమాచారానికి మండల పరిషత్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి, జిల్లా పరిషత్ సభ్యుల గురించి అక్కడి ముఖ్య కార్యనిర్వహణాధికారి కార్యాలయానికి రాయాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇస్తే చిల్లర గొడవ ఉండదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే తరువాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు.

ప్రశ్నను ఎలా రాస్తారన్న దాని మీదే జవాబు ఆధారపడి ఉంటుంది. "మీ మండలంలో ప్రజాప్రతినిధుల మతాలు తెలపండి" అని అడిగితే "మా వద్ద అటువంటి సమాచారం లేదు" అని ఒక్క వాక్యం వస్తుంది. అది నిజం కూడా. అలా కాకుండా, "2021 సెప్టెంబరు 24న జరిగిన ప్రత్యేక సమావేశపు మినిట్స్ నకలు, కో-ఆప్షన్ సభ్యుల ఎన్నికకు వచ్చిన నామినేషన్ల సంఖ్య, ఎన్నికైన సభ్యుడు మతపరమైన మైనారిటీగా అర్హత పొందారా, భాషాపరమైన మైనారిటీగా అర్హత పొందారా అన్న వివరం ఇవ్వగలరు" అని అడగండి. రికార్డులో ఉన్నదాన్ని ఉన్న పేరుతో అడిగితే దాటవేయడం కష్టం. వ్యక్తుల సర్టిఫికెట్ల నకళ్లు మాత్రం అడగకండి. అవి వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఆ మినహాయింపును ఇంకా బిగించింది. మీకు కావలసింది కూడా వ్యక్తి కాగితం కాదు, స్థానం లెక్క.

పేరు సాక్ష్యం కాదు, ఫొటో కూడా కాదు

మన ప్రాంతపు పేర్లు మతం చెప్పవు. సింహాచలం, అప్పన్న, పైడితల్లి, అప్పలనరసమ్మ అన్న పేర్లతో తరతరాలుగా చర్చిలో కూర్చునే కుటుంబాలు ఉన్నాయి. తాతకు పెట్టిన పేరును మనవడికి పెట్టడం మతంతో పాటు ఆగిపోలేదు. దర్గాకు మొక్కుకుని పుట్టిన హిందూ పిల్లలకు పకీరు, మస్తాను అని పెట్టే ఆచారం తెలుగునాట పాతదే. దూదేకులవారిలో ఇంట్లో తెలుగే మాట్లాడేవారు, పేరు వినగానే తెలుగు పేరే అనిపించేవారు ఎందరో ఉన్నారు. ప్రకాశరావు, కరుణాకర్, రత్నం, జీవన్ ఎటైనా కావచ్చు. ఇంటిపేరు ఊరి పేరును చెబుతుంది, ఒక్కోసారి కులాన్ని చెబుతుంది, మతాన్ని చెప్పదు. కంప్యూటరుతో పేర్లను బట్టి మతాన్ని ఊహించే పద్ధతులు ఉత్తరాదిన ముస్లింల లెక్కకు కొంత పనికివస్తాయేమో గాని, ఇక్కడి క్రైస్తవుల విషయంలో అవి చేతులెత్తేస్తాయి.

ఫొటోల సంగతి ఇంకా తమాషా. విజయనగరం శాసనసభ్యులు ఎవరైనా సరే పైడితల్లి సిరిమానోత్సవంలో కనిపిస్తారు, బాబామెట్ట ఖాదర్ వలీ దర్గా ఉర్సుకు వెళ్తారు, డిసెంబరులో కేకు కోస్తారు, రంజాన్ మాసంలో టోపీ పెట్టుకుని ఇఫ్తారులో కూర్చుంటారు. ప్రభుత్వం తరఫున అమ్మవారికి పట్టువస్త్రాలు తేవడం అధికారిక విధి. ఆ పళ్లెం మోసినవారు ఏ మతస్థులైనా కావచ్చు. ఇలాంటి ఫొటోలు నియోజకవర్గంలో ఎవరెవరు ఉన్నారో చెబుతాయి గాని, నాయకుడు ఎవరో చెప్పవు.

ప్రమాణ స్వీకారం కూడా ఆధారం కాదు. రాజ్యాంగం మూడో షెడ్యూలులో దైవసాక్షిగా ప్రమాణం చేయడం, నిష్ఠతో ధ్రువీకరించడం అని రెండు దారులే ఉన్నాయి. ఏ దైవమో అందులో చెప్పనక్కరలేదు. మనస్సాక్షిగా అన్నవారందరూ నాస్తికులు కారు, దైవసాక్షిగా అన్నవారి దైవం ఎవరో మనకు తెలియదు. అమెరికాలో 2007లో కీత్ ఎలిసన్ ఖురాన్ మీద, 2013లో తులసీ గబార్డ్ భగవద్గీత మీద చేయి వేసి ప్రమాణం చేసినట్లు ఇక్కడ గ్రంథం పట్టుకునే ఆనవాయితీ శాసనసభలో లేదు.

అయితే మరి సాక్ష్యం ఏది? నేను మూడింటినే ఒప్పుకుంటాను. ఆ వ్యక్తి తన మతం గురించి బహిరంగంగా చెప్పిన మాట, అదీ తేదీతో, ఎక్కడ చెప్పారో వివరంతో. మతాన్ని బట్టే దక్కిన పదవి, అంటే మతపరమైన అర్హతతో వచ్చిన కో-ఆప్షన్. నేరుగా అడిగితే ఆయన రాసి ఇచ్చిన జవాబు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి, జగన్‌మోహన్‌రెడ్డి క్రైస్తవులన్నది వారే దాచని విషయం. శాసనమండలి ఛైర్మన్‌గా పనిచేసిన ఎం.ఎ. షరీఫ్, ఉపముఖ్యమంత్రిగా పనిచేసిన అంజాద్ బాషా, 2024లో మంత్రి అయిన ఎన్.ఎం.డి. ఫరూఖ్ వంటివారి విషయంలోనూ సందేహం ఉండదు. ఈ పేర్లన్నీ ఉత్తరాంధ్ర బయటివే అన్నది గమనించండి. పై స్థాయిలో ఉన్నవారి మతం అందరికీ తెలిసి ఉంటుంది. సర్పంచ్ దగ్గరకు వచ్చేసరికి ఊహలు మొదలవుతాయి. ఊహ మొదలైన చోట "వెల్లడి కాలేదు" అని రాయండి. నా రెండో పట్టికలో అన్నిటికన్నా పెద్ద గడి అదే అయింది, దానికి నేను సిగ్గుపడలేదు.

అడగడం ఎలా

అమెరికా కాంగ్రెస్ సభ్యుల మతాల లెక్క అంత వివరంగా రావడానికి కారణం ఉంది. అక్కడి సభ్యులకు పత్రికా సంస్థ ప్రశ్నావళి పంపుతుంది, వారు జవాబు రాస్తారు, ప్యూ పరిశోధన సంస్థ ఆ జవాబులను విశ్లేషిస్తుంది. 2025 జనవరిలో మొదలైన 119వ కాంగ్రెస్‌లో 461 మంది, అంటే 87 శాతం క్రైస్తవులని తేలింది అలాగే. అక్కడ నాయకుడికి తన చర్చి పేరు చెప్పుకోవడం ప్రచారంలో భాగం. ఇక్కడ అదే ప్రశ్న వేస్తే, ముఖ్యంగా ఎస్సీ స్థానంలో ఉన్నవారికి, అది విచారణలా వినిపిస్తుంది.

కాబట్టి ఆ స్థానాల్లోని సభ్యులకు ఈ ప్రశ్న అసలు పంపకండి. చట్టం చెప్పిన దానికి మించి మీకు తెలియవలసినది ఏమీ లేదు. మిగిలినవారికి ఒక పేజీ ఉత్తరం పంపండి. అందులో, "అయ్యా, ఈ అధ్యయనం మొత్తాలను మాత్రమే ప్రచురిస్తుంది, మీ పేరు రాదు. మీకు ఇష్టమైతేనే జవాబు ఇవ్వండి. మీరు ఏ మతాన్ని అవలంబిస్తారో మీ మాటల్లోనే రాయండి, ఏదీ లేదనుకుంటే అదీ రాయవచ్చు" అని ఉండాలి. గడులు ఇచ్చి టిక్కు పెట్టమనకండి. సీతంపేట వైపు ఒక సవర వార్డు సభ్యురాలు నాకు చెప్పిన జవాబు ఏ గడిలోనూ పట్టదు: ఆదివారం ప్రార్థనకు వెళ్తుంది, కొండ పోడు కోతకు ముందు కొత్తల పండగ చేస్తుంది, ఈ రెండూ రెండు మతాలని ఆమె అనుకోవడం లేదు. ఆ మాటను అలాగే రాసుకున్నాను.

జనాభాతో పోల్చేటప్పుడు

2011 జనగణనలో మతాల వారీ వివరాలు సి-1 పట్టికలో ఉంటాయి, మండల స్థాయి వరకు దొరుకుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో అప్పుడు ముస్లింలు 9.56 శాతం, క్రైస్తవులు 1.34 శాతం. మన రెండు జిల్లాల్లో ముస్లింల వాటా దానికన్నా చాలా తక్కువ. 1641లో కట్టిన జామియా మసీదు ఉన్న ఊరు, గోల్కొండ ఫౌజుదార్ల కేంద్రంగా నిలిచిన శ్రీకాకుళం ఈ మాట చెప్పుకోవలసి రావడం వింతే. క్రైస్తవుల అంకెను జాగ్రత్తగా వాడండి. రిజర్వేషన్ పోతుందన్న భయంతో హిందువుగా రాయించుకునేవారు ఉన్నారన్నది ఊళ్లలో అందరికీ తెలిసిందే. ఎందరో చెప్పగల పట్టిక మాత్రం లేదు. తరువాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు గనుక, ఆ పట్టికలు వచ్చేదాకా పదిహేనేళ్ల నాటి అంకెతోనే పని నడపాలి.

చిన్న అంకెలతో పెద్ద మాటలు అనకండి. ఒక మతం వాటా నూటికి ఒకటి అనుకుందాం. 17 స్థానాల్లో దాని దామాషా 0.17. అంటే ఎవరూ ఏ వివక్షా చూపకపోయినా అక్కడ సున్నా రావడమే మామూలు. "మా జిల్లాలో ఒక్క ముస్లిం ఎమ్మెల్యే లేడు" అన్న వాక్యం నిజమే అయినా దానితో ఏదీ రుజువు కాదు. అదే 500 ఎంపీటీసీ స్థానాలు తీసుకుంటే దామాషా 5 అవుతుంది. అక్కడ సున్నా వస్తే మాత్రం టికెట్లు ఎవరికి ఇచ్చారు, ఎవరు నామినేషన్ వేశారు అని వెనక్కు వెళ్లి చూడాలి. అందుకే గెలిచినవారి జాబితా పక్కన పోటీ చేసినవారి జాబితా కూడా ఉండాలి. నా దృష్టిలో అసలు సంగతి ఉండేది ఈ రెండో జాబితాలోనే. ఓటరు కాదన్నాడా, పార్టీయే అడగలేదా అన్నది అక్కడే తేలుతుంది.

ప్రచురించే వేళ

ఎన్నికల ప్రకటన వచ్చిన తరువాత పేర్లతో ఉన్న ఏ పట్టికనూ బయట పెట్టకండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 123(3) సెక్షన్ మతం పేరుతో ఓటు అడగడాన్ని అవినీతికర చర్యగా చెబుతుంది. అభిరాం సింగ్ కేసులో 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో, అభ్యర్థి మతమే కాదు ఓటరు మతం పేరుతో అడిగినా అది వర్తిస్తుందని తేల్చింది. మీరు చదువు కోసం రాసిన పట్టికను ఎవరో సగం చించి కరపత్రంగా పంచితే, ఫలితం వెలువడిన 45 రోజుల్లో హైకోర్టులో పడే పిటిషన్‌కు అది జతపత్రం కాగలదు. వర్గాల మధ్య ద్వేషం పెంచినట్లు తేలితే 125వ సెక్షన్ నేరం కూడా అవుతుంది. అచ్చయిన పట్టికలో మండలం పేరు, పదవి రకం, రిజర్వేషన్ రకం, ఓటు ఉందా లేదా, మొత్తం అంకె మాత్రమే ఉంచండి. ఒక మండలంలో ఒకరే ఉంటే ఆ అంకే ఆయన పేరు అవుతుంది గనుక, అలాంటి మండలాలను పక్క మండలాలతో కలిపి చూపండి.

అచ్చుకు పంపే ముందు నకలును ఒకసారి మండల పరిషత్ కార్యాలయంలో రికార్డులు చూసే గుమాస్తాకు, రెండోసారి మీ జాబితాలో ఉన్న సభ్యులలో ఇద్దరు ముగ్గురికి చూపించండి. రెండో పట్టికను నేను మొదట చూపించినది ప్లాస్టిక్ కవరు తెచ్చిన ఆ సభ్యుడికే. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వరుసలన్నీ వేలితో చదివి, తన మండలం ఎదుట ఎంపీటీసీల సంఖ్య ఒకటి తక్కువ రాశానని చూపించారు.